గార్డు గారితో నాష్‌విల్‌లో ఒక శనివారం

“శనివారం మిమ్మల్నిద్దర్నీ నాష్‌విల్‌లో దింపేస్తా, సాయంత్రందాకా తిరగండి” అని అబ్బాయి అనగానే మా వారు అడిగిన మొదటి మాట, “అది జంక్షనేనా?”

36 ఏళ్లు గూడ్సు బళ్ల మీద గార్డుగా చేసిన మనిషి మరి. ఏ ఊరి పేరు చెప్పినా ఆయనకు ముందు స్టేషను కనపడుతుంది, తర్వాతే ఊరు. తిరుపతి వెళ్దామంటే రేణిగుంటలో ఏ లైను ఎటు పోతుందో చెప్పడం మొదలెడతారు. కొండా దేవుడూ ఆ తర్వాత.

అది 2019 అక్టోబరు. ఆయన రిటైరై అయిదేళ్లు. నాష్‌విల్ అంటే అమెరికాలో టెనెసీ రాష్ట్రానికి రాజధాని. అబ్బాయి వాళ్ల ఇల్లు దానికి దక్షిణాన ఫ్రాంక్లిన్‌లో, కారులో అరగంట. మేం వెళ్లి నెలన్నర దాటింది. గణేశుడి గుడి చూశాం, కాస్ట్కో చూశాం, ఇంక చూడ్డానికేముందిలే అనుకుంటున్న రోజులు. కోడలు టిక్కెట్లన్నీ ఫోన్లోనే కొని, ఏది ఎక్కడుందో కాగితం మీద గీసి నా హ్యాండ్‌బ్యాగులో పెట్టింది. పొద్దున దింపడం, సాయంత్రం వాళ్లొచ్చి ఎక్కించుకోవడం, రాత్రికి నలుగురం కలిసి గ్రాండ్ ఓల్ ఓప్రీ అనే కంట్రీ మ్యూజిక్ కచేరీ, అంటే అక్కడి పల్లె పాటలది. అదీ ఏర్పాటు.

నిజం చెప్పొద్దూ, కంట్రీ మ్యూజిక్ అంటే మాకేం తెలీదు. టోపీ, బూట్లు, గిటారు. అంతే. అయినా నేను ఎగిరి గంతేశాను. పెళ్లయిన ఇన్నేళ్లలో పొద్దున్నుంచి రాత్రిదాకా ఆయనా నేనూ ఇద్దరమే తిరిగిన రోజు ఒక్కటి చెప్పమంటే చెప్పలేను. రైల్వే క్వార్టర్సులో కాపురం చేసిన వాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. అర్ధరాత్రి రెండింటికి కాల్ బాయ్ వచ్చి సైకిలు బెల్లు కొట్టి “గార్డు గారూ, కాల్!” అని కేకేస్తాడు. ఈయన పుస్తకంలో సంతకం పెట్టి, క్యారేజీ పట్టుకుని పోతారు. బిట్రగుంట రన్నింగ్ రూములో పడుకుని, ఏ బండికి వేస్తే ఆ బండికి తిరిగొస్తారు. ఇంటికొస్తే పగలు నిద్ర. “ష్, నాన్నగారు పడుకున్నారు” అని పిల్లల్ని అదిలించడంతోనే నా కాపురం సగం గడిచింది. మిగతా సగం రేడియోతో. విజయవాడ కేంద్రం, గొంతు బాగా తగ్గించి. ఆదివారం మధ్యాహ్నం నాటకమైతే చెవి రేడియోకి ఆనించి వినేదాన్ని, వంటింట్లో కింద కూర్చుని.

సరే, అబ్బాయి “ఎక్కడ దింపను?” అన్నాడు. ఆయన ముందు రోజే వెతికి పెట్టుకున్నారు. యూనియన్ స్టేషను.

బాగుంది, కాదనను. 1900లో కట్టిందట. బూడిదరంగు రాయి, నెత్తిన గడియారం గోపురం, చూస్తే పాతకాలపు కోటలా ఉంది. లోపలికి అడుగుపెడితే పైకప్పంతా రంగురంగుల అద్దాలు, కింద అద్దంలా మెరిసే నేల. ఈయన ప్లాట్‌ఫారం ఎటుందా అని మెడ సాచి చూస్తున్నారు. ఇంతలో కోటేసుకున్న కుర్రాడొకడు వచ్చి, చెకిన్ చేస్తారా అని అడిగాడు. అది స్టేషను కాదు, హోటలు! ఆఖరి ప్యాసింజరు బండి 1979లో వెళ్లిపోయింది. 1986 నుంచి హోటలే. నాష్‌విల్‌కి ఇప్పుడు దూరప్రయాణం రైలన్నదే లేదు. నది ఒడ్డు నుంచి లెబనాన్ అనే ఊరికి ఒక లోకల్ బండి నడుస్తుంది, అదొక్కటే.

“రాష్ట్ర రాజధానికి రైల్లేదా!” అన్నారు మా వారు, ఆ కుర్రాడే తీసేయించినట్టు వాడి మొహంలోకి చూస్తూ. వాడికి తెలుగు రాకపోవడం మంచిదైంది.

బయటికొచ్చాం. హోటలు పక్కనే కింద పట్టాలున్నాయి, పైన రోడ్డు వంతెన. ప్యాసింజర్లు లేకపోయినా గూడ్సు బళ్లు ఇప్పటికీ పోతాయి. మేం వంతెన మీదికి చేరేసరికి ఒకటి మెల్లగా వస్తోంది. ముందు నీలం పసుపు ఇంజన్లు, వెనక ట్యాంకర్లు, కార్లు మోసే మూత వ్యాగన్లు, బొగ్గు డబ్బాల్లాంటివి. ఈయన లెక్కపెట్టడం మొదలెట్టారు. ఇంటి ముందు నుంచి బండి పోతున్నా అన్నం ముద్ద చేతిలో పట్టుకుని లెక్కపెట్టే అలవాటాయనది. నేను చెక్క బెంచీ ఏమైనా ఉందేమోనని చూస్తున్నాను. “నూటా ఆరు, నూటా ఏడు...” పెదాలు కదులుతూనే ఉన్నాయి. నూటా పదమూడు దగ్గర ఆగిపోయాయి.

బండి అయిపోయింది. చివర గార్డు ఉండే బ్రేకు వ్యాను లేదు. ఆఖరి వ్యాగను కప్లింగుకి చిన్న డబ్బా ఒకటి తగిలించి ఉంది, దాని మీద ఓ దీపం. అంతే.

ఆయన కుడిచెయ్యి ఛాతీదాకా లేచి ఉంది, పచ్చజెండా ఊపబోతున్నట్టు. డ్రైవరు ఇటు నుంచి, గార్డు అటు నుంచి ఒకరికొకరు ‘ఆల్‌రైట్’ చూపించుకోవడం వాళ్ల పద్ధతి. చూపించడానికి అక్కడ మనిషి లేడు. చెయ్యి దించి జేబులో పెట్టుకున్నారు.

“ఏమండీ?” అన్నాను.

“ఏం లేదే. నా ఉద్యోగం ఆ డబ్బా చేస్తోంది.”

తర్వాత అబ్బాయి చెప్పాడు, అమెరికాలో 1980ల నుంచే గూడ్సు బళ్లకి గార్డు వ్యాన్లు తీసేస్తూ వచ్చారని. వెనక పైపులో బ్రేకు ప్రెషరు ఎంతుందో ఆ డబ్బా కనిపెట్టి రేడియోలో ఇంజనుకి చెబుతుందట. చీకటి పడితే దాని దీపం వెలిగి ఆరుతూ ఉంటుందట. ఈయన మాత్రం, “వ్యాగనులో చక్రం వేడెక్కి పొగొస్తే డబ్బాకి వాసన వస్తుందా?” అన్నారు. మాకెవరికీ జవాబు తెలీదు. మన దగ్గర కూడా ఇప్పుడు గార్డు అనకూడదట లెండి, 2022 నుంచి ట్రైన్ మేనేజరు.

అక్కడి నుంచి రైమన్ ఆడిటోరియంకి నడిచాం. కోడలి బొమ్మలో వేలెడంత దూరం, కాళ్లకి మాత్రం మైలు. అబ్బాయి కొనిచ్చిన కొత్త బూట్లు చీలమండ దగ్గర కొరుకుతున్నాయి. రైమన్‌లో కూర్చోగానే బల్ల కింద నెమ్మదిగా విడిచేశాను. దేవుడి ఇల్లే కాబట్టి తప్పు లేదనుకున్నాను. నిజంగానే అది ప్రార్థన మందిరంగా కట్టింది. టామ్ రైమన్ అని కంబర్లాండ్ నదిలో ఆవిరి పడవలు నడిపే ఆసామి. 1885లో శామ్ జోన్స్ అనే బోధకుడి మాటలు విని మనసు మారి, ఆ ప్రసంగాల కోసం ఇంత మందిరం లేపాడు. 1892కి పూర్తయింది. ఆయన 1904లో పోయాక ఆయన పేరే పెట్టారు. ప్రార్థనల మధ్య మధ్య కచేరీలకీ నాటకాలకీ అద్దెకిచ్చేవారు. చివరికి 1943 నుంచి 1974దాకా ఓప్రీ అంటే ఇదే.

వంపు తిరిగిన పొడుగాటి చెక్క బల్లలు. వాటి అంచు మీద చెయ్యేస్తే మా అమ్మమ్మ వాళ్లింటి గడపలా ఉంది, అన్నేళ్ల చేతులు రాసుకుని రాసుకుని నునుపు తేలి. ఏసీ లేని రోజుల్లో జనానికి విసనకర్రలు అమ్మేవారట. తెర వెనక నిలబడే చోటు లేక పాటగాళ్లు వెనక సందులోంచి అవతలి బారులోకి దాటేసి, వంతు రాగానే పరిగెత్తుకొచ్చేవారట. ఆ బారు ఇప్పటికీ ఉంది, వంకాయ రంగులో.

కింద లాబీలో కంచు బొమ్మలు రెండు బల్ల మీద కూర్చుని ఉన్నాయి. మీసాలు లేని పెద్దాయన రాయ్ ఎకఫ్, పక్కన మిన్నీ పెర్ల్. ఈవిడ ఓప్రీలో నవ్వించే ఆవిడ. పూల టోపీ మీద 1.98 డాలర్ల ధర చీటీ వేలాడేసుకునే వచ్చేది, తీయడం మర్చిపోయినట్టు. నాకు మా పెద్ద పిన్ని గుర్తొచ్చింది. కొత్త పట్టుచీరకి ధర చీటీ ఉంచుకునే పేరంటానికి వచ్చింది, మర్చిపోయి కాదు. మిన్నీ బొమ్మ పక్కన కూర్చుని ఫొటో తీయించుకున్నాను. మా వారు తీసిన ఫొటో కాబట్టి నా తల సగమే పడింది.

ఇక భోజనం. ‘మీట్ అండ్ త్రీ’ అని అక్కడి పద్ధతి. ఒక మాంసం, మూడు కూరలు, ట్రే పట్టుకుని వరసలో నడవాలి. మాంసం వద్దు, కూరలే నాలుగు పెట్టమంటే పెడతారు. కోడలు ముందే హెచ్చరించింది, “ఆకుకూర అడక్కండి అత్తయ్యా, దాంట్లో పంది మాంసం వేసి ఉడికిస్తారు” అని. చిక్కుడుకాయ కూడా అంతేనట. మిగిలిందేమిటయ్యా అంటే బెండకాయ వేపుడు! మొక్కజొన్న పిండిలో దొర్లించి కరకరలాడేలా వేయించారు. మనదానికి కరివేపాకూ కారమూ ఉంటాయి, దీనికి లేవు. అయినా బెండకాయ బెండకాయే. తర్వాత మెకరోనీలో చీజు వేసి చేసింది పెట్టారు, అది కూడా వాళ్ల లెక్కలో కూరేనట. ఈ మాట మా వారికి ఎంత నచ్చిందో! “అయితే పూతరేకులు కూడా కూరే అనొచ్చు” అన్నారు.

వడ్డించే ఆవిడకి నా వయసుంటుంది. ప్రతి మాటకీ “హనీ” అంటుంది, “స్వీటీ” అంటుంది. నన్నంటే సరే, ఈయన్ని కూడా. కాపురం మొదలెట్టిన దగ్గర్నుంచీ నేనొక్కసారీ అనని మాట ఆవిడ పది నిమిషాల్లో నాలుగుసార్లు అంది. ఈయన చెవులు ఎర్రబడటం అప్పుడు చూశాను. పక్క బల్ల దగ్గర ఓ ముసలాయన మొక్కజొన్న రొట్టెని గ్లాసుడు మజ్జిగలో చిదిపి వేసుకుని స్పూనుతో తింటున్నాడు. మా మామగారు జొన్నరొట్టె అచ్చం అలాగే తినేవారు, ఉల్లిపాయ నంజుకుని. ఆయన్ని చూస్తూ ఉండిపోతే, ఆయన చెయ్యెత్తి పలకరించాడు.

మ్యూజియం గురించి ఎంత చెప్పినా తరగదు. కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్. బయట నుంచి చూస్తే కిటికీలు పియానో మెట్లలా ఉంటాయి. లోపల జరీ కోట్లు, గిటార్లు, ఎల్విస్ ప్రెస్లీ బంగారు రంగు కారు. ఆ కారులో టీవీ ఉంది, రికార్డు ప్లేయరు ఉంది, బూట్లు పాలిష్ చేసుకునే మిషను కూడా ఉందట. ఆ మిషను మాట కాసేపు గుర్తుపెట్టుకోండి.

చివర గుండ్రటి గదిలో గోడలకి కంచు ఫలకాలు. ఒక్కో పాటగాడిదీ మొహం చెక్కి, కింద నాలుగు ముక్కలు రాసి ఉంటాయి. 1961లో ఈ గౌరవం మొదటగా దక్కిన ముగ్గురిలో జిమ్మీ రోడ్జర్స్ ఒకడు. మిసిసిపీ వాడు, రైళ్ల మీద బ్రేకులు చూసే బ్రేక్‌మన్. క్షయ పట్టి ఉద్యోగం పోయి పాటలు కట్టుకున్నాడు, 1933లో 35 ఏళ్లకే పోయాడు. శవాన్ని రైల్లోనే సొంతూరికి తెచ్చారట, దారి పొడుగునా ఇంజను సన్నగా కూత పెడుతూ. “బ్రేక్‌మన్ అంటే మనవాడే” అని ఈయన ఆ ఫలకం ముందు నుంచి కదలరు. ఇంజనుకి దూరంగా బండి తోక దగ్గర బతికినవాడు ఆయన దృష్టిలో మనవాడే.

నాకు మాత్రం డిఫోర్డ్ బెయిలీ కథ పట్టుకుంది. నల్లజాతి మనిషి, చిన్నప్పుడు పోలియో వచ్చి పొట్టిగా ఉండిపోయాడు. వాయించేది మౌత్ ఆర్గాన్. బడికి పోతూ రైలు వంతెన కింద నిలబడి, బండి పోయేదాకా విని విని, ఆ చప్పుడు మౌత్ ఆర్గాన్‌లోకి దించేశాడు. ఓప్రీకి ఆ పేరు రావడం కూడా ఆయన పుణ్యమే. 1927లో ఓ శనివారం రాత్రి రేడియోలో వీళ్ల కార్యక్రమానికి ముందు పెద్ద సంగీతం వాళ్ల వాద్యగోష్ఠి వచ్చింది. వాళ్లు రైలు మీద ఓ ముక్క వాయించారు. వెంటనే వీళ్ల అనౌన్సరు జార్జ్ హే అందుకుని, డిఫోర్డ్ చేత పాన్ అమెరికన్ అనే బండిని వాయింపించాడు. ఇంతసేపూ గ్రాండ్ ఒపెరా విన్నారు, ఇక మా గ్రాండ్ ఓల్ ఓప్రీ వినండి అన్నాడట, ‘ఒపెరా’ని పల్లెటూరి నోటితో విరిచి. ఆ వెక్కిరింపే పేరైపోయింది.

ఆ డిఫోర్డే తోటి వాయిద్యగాళ్లతో ఊళ్లు తిరిగితే, వాళ్లకి గది ఇచ్చిన హోటలు ఈయనకి ఇచ్చేది కాదు. 1941లో ఓప్రీ నుంచి తీసేశారు. తర్వాత ఇదే ఊళ్లో బూట్లు పాలిష్ చేసే దుకాణం పెట్టుకుని బతికాడు. 1982లో పోయాడు. ఈ గోడ మీదికి 2005లో ఎక్కాడు. నేను వెనక్కి తిరిగి ఆ బంగారు కారున్న వైపు చూశాను. అంతకంటే ఏమనగలను.

బ్రాడ్‌వే అనే వీధి గురించి రెండు ముక్కలతో సరిపెడతాను. వరసగా బార్లు, ప్రతి బారులోంచీ ఒక పాట, అన్నీ కలిసి వీధిలో కొట్టుకుంటున్నాయి. తెల్ల ముసుగు, గులాబీ రంగు బూట్లు వేసుకున్న పెళ్లికూతుళ్లు స్నేహితురాళ్లతో బండెక్కి తొక్కుతూ కేకలు. పదిహేను మంది పెళ్లికూతుళ్లని లెక్కపెట్టాను. లెక్కపెట్టే జబ్బు నాకూ అంటుకుంది.

సాయంత్రం అబ్బాయీ కోడలూ వచ్చారు. కారులో నేను చేసి తెచ్చిన పులిహోర డబ్బా తీశాను, అది లేకపోతే ఆ రోజు గడిచేది కాదు. అబ్బాయి డిఫోర్డ్ వాయించిన రైలుని ఫోన్లో పెట్టాడు. మా వారు కళ్లు మూసుకున్నారు. మొదట మెల్లగా ఛుక్ ఛుక్. తర్వాత కూత. “ఇదిగో, ఇప్పుడందుకున్నాడు స్పీడు” అన్నారు. కాసేపాగి, “ఆవిరింజనే. వీడు పట్టాల పక్కన పెరిగినవాడే” అన్నారు. మళ్లీ పెట్టమన్నారు. మూడుసార్లు విన్నాం.

ఓప్రీ హౌసు ఊరికి దూరంగా నది వంపులో ఉంది. నాలుగు వేల పైచిలుకు జనం. నేను అనుకున్నదేమిటంటే కచేరీ అని. తెర లేచాక గాని అర్థం కాలేదు, అది రేడియో! నేను విన్నంతకాలం రేడియో లోపల ఏం జరుగుతుందో ఊహించుకోవడమే గాని చూసింది లేదు. ఇక్కడ వేదిక పక్కన అనౌన్సరు నిలబడి, ఒకరు పాడి వెళ్లగానే, కాగితం చూసి ప్రకటన చదువుతాడు. జనం దానికీ చప్పట్లు కొడతారు. 1925 నవంబరు 28న 77 ఏళ్ల అంకుల్ జిమ్మీ థాంప్సన్ గంటసేపు ఫిడేలు వాయించడంతో మొదలైందిది. శనివారం రాత్రి ప్రసారం అప్పటి నుంచీ నడుస్తూనే ఉంది. స్టేషను పేరు డబ్ల్యూఎస్సెమ్. ఓ ఇన్సూరెన్సు కంపెనీ పెట్టిన స్టేషను, ‘వి షీల్డ్ మిలియన్స్’, అంటే లక్షలమందికి మా రక్ష అని వాళ్ల నినాదం, దాని పొడి అక్షరాలే పేరు. మన ఎల్లైసీ ఏజెంటు పాట పాడి ఇంట్లోకొచ్చినట్టన్నమాట. మా విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది, దానికంటే ఇది 23 ఏళ్లు పెద్దక్క.

ఫిడేలు అంటే మన వయొలినే, వేరే ఏం కాదు. మనవాళ్లు కింద కూర్చుని, కొస పాదానికి ఆనించి వాయిస్తారు. వీళ్లు నిలబడి, ఊగుతూ, ఒకాయనైతే నడుస్తూ. ఇంకొకాయన ముందు బల్లలాంటిదుంది, దాని మీద తీగలు, వాటి మీద ఇనుప కడ్డీ జారుస్తుంటే గోటువాద్యంలా ఏడ్చింది. ఆ ఒక్క వాయిద్యం దగ్గర నాకు భాష అడ్డం రాలేదు.

వేదిక మధ్యలో మాత్రం చెక్క రంగు తేడాగా ఉంది, గుండ్రంగా, ఆరడుగుల వెడల్పు. 1974లో రైమన్ నుంచి ఇక్కడికి వచ్చేటప్పుడు ఆ పాత వేదిక నుంచి కోసి తెచ్చిన ఓక్ చెక్కట. పాడేవాళ్లందరూ దాని మీదే నిలబడతారు. 2010 మేలో కంబర్లాండ్ పొంగి ఈ వేదిక నీళ్లలో మునిగిపోయింది. ఆ చక్రాన్ని తీసి బాగుచేసి మళ్లీ అక్కడే పెట్టారు. దానికి ఏడు నెలల ముందే మా కృష్ణ పొంగి, బ్యారేజీ గేట్లన్నీ ఎత్తేసిన రాత్రి ఈయన డ్యూటీలో ఉన్నారు. ఆ రాత్రంతా నేను రేడియో కట్టలేదు. ఆ సంగతి కోడలికి చెబుదామనుకున్నాను గాని, అప్పుడే ఎర్ర కొట్టం బొమ్మ ముందు గౌన్ల పిల్లలు వచ్చి టకటకా కాళ్లతో తాళం వేయడం మొదలెట్టారు.

ఇంటికి చేరేసరికి పదకొండు దాటింది. కాళ్లకి బొబ్బలు. పడుకున్నాక దూరంగా ఎక్కడో బండి కూసింది. రెండు పొడుగు, ఒకటి పొట్టి, మళ్లీ పొడుగు.

“గేటు వస్తోంది వాడికి. ఇక్కడ గేటు దగ్గర ఇలాగే కుయ్యాలట” అన్నారు చీకట్లో.

“గార్డు లేని బండి” అన్నాను.

ఆయన మాట్లాడలేదు. పెదాలు మాత్రం కదులుతున్నట్టనిపించింది, వినపడుతున్న చక్రాల చప్పుడుని బట్టి వ్యాగన్లు లెక్కపెడుతున్నారో ఏమో. నాకు నిద్ర పడుతోంది. సగం నిద్రలో, ఆయన పక్కనే ఉన్నారన్న సంగతి గుర్తు రాక, క్యారేజీలో పెరుగు గిన్నె సర్దానా లేదా అని ఆలోచిస్తున్నాను.